మూడు నలభై ఏడు

“పన్నెండింటికి మహిళా కానిస్టేబుల్ వస్తుంది. ఆ తరవాత ఈ అమ్మాయితో మాట్లాడాలంటే మీరు స్టేషన్‌కి రావాలి మేడమ్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ గోడ గడియారం చూసింది. పది ముప్పై అయిదు.

“గంటా పాతిక నిమిషాలు. ఎక్కువే ఇచ్చారు.”

“లిఫ్టు కేసులోనూ ఇలాగే కోతలు కోశారు.”

“కోశాను. మీరు పట్టుకున్న మనిషి ఇప్పుడు ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నాడు. నేను చూపించిన మనిషి జైల్లో ఉన్నాడు. ఇంకేమైనా గుర్తు చేయమంటారా?”

ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పేలోపే ఆమె ఫోన్ మోగింది. పక్కకి తిరిగి మాట్లాడింది.

“వదినా, నడుం విరిగిపోతోంది. ఎంతసేపిలా?” అని అవతల ఆమె మరిది గునుస్తున్నాడు.

“లేవకు. మాట్లాడకు. దుప్పటి తీయకు.”

“ఆకలేస్తోంది.”

“మరీ మంచిది. మొహం పీక్కుపోయి ఉంటే చూసేవాళ్లు నమ్ముతారు,” అని పెట్టేసింది.

“ఎవరు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మా మరిది. ఒంట్లో బాగాలేదు.”

అది టీకాలు నిలవచేసే శీతల గిడ్డంగి. ముందు గదిలో ఒక కౌంటరు, దాని మీద కంప్యూటర్. కౌంటరుకి ఎదురుగా ఎనిమిదడుగుల దూరంలో ఉక్కు తలుపు, పక్కనే గోడకి శీతల గది ఉష్ణోగ్రత చూపించే చిన్న తెర. కౌంటరు వెనక కుర్చీలో, రాకపోకల రిజిస్టరు చూసే అమ్మాయి కళ్లు వాచిపోయి కూర్చుని ఉంది. ఆమె వెనక నిలబడినవాడు ఆమె మేనమామ. గిడ్డంగిలో పెట్టెలు ఎత్తే బండి నడిపేది ఆయనే. డిటెక్టివ్‌ని పిలిపించింది కూడా ఆయనే. కిటికీ దగ్గర ల్యాప్‌టాప్ తెరుచుకుని ఇంకో మనిషి, ప్రోగ్రామర్. ఇక్కడి కంప్యూటర్‌లో ఫారాలన్నీ ఆయన తయారుచేసినవే. రికార్డులు తీసి ఇవ్వడానికి పోలీసులే పిలిచారు.

“సరే, మీ కథ చెప్పండి,” అంది డిటెక్టివ్.

“కథ కాదండీ, రికార్డు.” ఇన్‌స్పెక్టర్ వేళ్లు మడిచాడు. “నిన్న మధ్యాహ్నం మూడు పదికి తనిఖీ అధికారి శీతల గదిలోకి వెళ్లాడు. మూడు నలభై ఏడుకి బయటికి వచ్చాడని ఈవిడ లాగిన్‌తో కంప్యూటర్‌లో ఉంది. నాలుగింటికి ఈ మామయ్యగారు ‘ఖాళీయేనా’ అని అడిగారు. ‘ఖాళీయే’ అని ఈవిడ చెప్పింది. గడియ పడింది. ఆరున్నరకి కొత్త సరుకు పెట్టడానికి తలుపు తీస్తే, పెట్టెల మధ్య స్పృహ తప్పి అధికారి! రానే రాని మనిషిని వచ్చాడని రాసింది మేనకోడలు. గడియ వేసింది మేనమామ. పోయిన వారమే ఆ అధికారి ఈయన బండి నిర్లక్ష్యంగా నడుపుతున్నాడని పైకి ఉత్తరం రాశాడు. ఇంకేం కావాలి? బొమ్మ గీసి చూపించాలా?”

“ఆ ఉత్తరానికి నేనెప్పుడో క్షమాపణ చెప్పుకున్నానండీ! ఆయన భుజం తట్టి పంపించారు కూడా,” అన్నాడు మేనమామ.

“భుజం తట్టినట్టు రికార్డు ఉందా?”

డిటెక్టివ్ ఇద్దరి మధ్యకీ వచ్చింది.

“ఒక్కమాట ఇన్‌స్పెక్టర్‌గారూ. అధికారి బతికే ఉన్నాడు. ఆ సంతోషమైనా లేదా మీ మొహంలో?”

“బతికాడు కాబట్టే హత్యాయత్నం. లేకపోతే హత్య,” అన్నాడాయన.

డిటెక్టివ్ ఉక్కు తలుపు వైపు నడిచింది. “చూడొచ్చా?”

“చూడండి. కోటు వేసుకోండి, గడ్డకట్టుకుపోతే ఆ కేసు కూడా నాకే పడుతుంది.”

మేనమామ తలుపు లాగాడు. తెల్లటి పొగ కాళ్ల మీదికి వచ్చింది. అటూ ఇటూ నిలువెత్తు అరలు, వాటి నిండా టీకా పెట్టెలు, కొన్నిటి మీద దళసరి దుప్పట్లు. అధికారి కప్పుకున్న రెండు దుప్పట్లు నేల మీద అలాగే పడి ఉన్నాయి.

“తలుపు దానంతటదే మూసుకుంటుందా?”

“మూసుకుని కొక్కెం పడుతుందండీ. లోపలున్నవాళ్లు ఈ గుండీ నొక్కితే తెరుచుకుంటుంది. నాలుగింటికి నేను వేసేది పై గడియ.” మేనమామ చూపించిన చోట గుండీ లేదు. ఒక ఇనుప కడ్డీ మాత్రం బొటనవేలంత బయటికి పొడుచుకొచ్చి ఉంది. “ఊడి ఆ అర కిందికి దొర్లి పడుందండీ. గుండీ లేకుండా ఉత్త కడ్డీ నొక్కితే కొక్కెం కదలదు.”

“పాతబడి ఊడింది. మా పంచనామాలో రాశాం,” అని గుమ్మం బయటినుంచే ఇన్‌స్పెక్టర్ అన్నాడు.

“ఆ గుండీ ఇలా ఇవ్వండి.”

ఆయన కవరులోంచి తీసి ఇచ్చాడు. డిటెక్టివ్ దాన్ని కడ్డీకి పెట్టి తిప్పింది. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టింది. పదకొండో తిప్పుకి గట్టిగా బిగిసింది. పట్టుకుని ఊపింది. కదల్లేదు.

“పాతబడిందంటారు. మరలు ఒక్కటీ అరగలేదు. పదకొండు తిప్పులు తిప్పితేగానీ రాని గుండీ, దానంతటదే పదకొండు సార్లు తిరిగి, మర్యాదగా కింద కూర్చుందా?”

“ఎవరో తిప్పారనే నేనూ అంటాను. ఎవరో అంటే, మామయ్యగారు.”

“ఆయన అప్పుడు వెనక వాకిట్లో లారీ దగ్గరున్నారు. లారీ డ్రైవరు మీకూ చెప్పాడు, నాకూ చెప్పాడు.”

ఆమె వంగింది. కింది అర అడుగున, గోడవారగా, పెన్నంత పరికరం ఒకటి పడి ఉంది. చేతి థర్మామీటరు. రాత్రంతా అక్కడే పడి ఉన్నా ఇంకా పనిచేస్తోంది. దాని అంకెలు చూసింది. బయటికి వచ్చి గోడ తెర చూసింది. తెర మీద మైనస్ ఇరవై పాయింట్ ఒకటి. మళ్లీ చేతిలోది చూసింది. మైనస్ ఏడు.

దాన్ని కోటు జేబులో వేసుకుంది.

తెల్లవారుజామున ఆస్పత్రిలో డాక్టరు అన్నమాట ఆమె చెవిలో మళ్లీ మోగింది. ‘మూడు గంటలకు పైగా మైనస్ ఇరవైలో ఉన్న మనిషి వేళ్లు ఇలా ఉండవండీ. ఒక్క వేలు నల్లబడలేదు. అదృష్టం.’

అదృష్టం కాదన్నమాట.

“ప్రోగ్రామర్‌గారూ, ఈ రిజిస్టరు ఫారం ఎలా పనిచేస్తుందో కాస్త చూపిస్తారా? నాకు కంప్యూటరంటే భయం,” అని కౌంటరు దగ్గరికి వచ్చింది డిటెక్టివ్.

ఆయన మొహం వెలిగింది. తన పనిగురించి అడిగినవాళ్లు ఆయనకి అరుదుగా దొరుకుతారని తెలుస్తూనే ఉంది. “భయమెందుకండీ, చాలా పకడ్బందీగా చేశాను. చూడండి. వచ్చినవాళ్ల పేరు, లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం. ఏ గడీ ఖాళీగా వదలడానికి వీల్లేదు. వదిలితే ఎర్రగా మెరుస్తుంది, ఫారం సేవ్ కాదు, మూతపడదు, పక్కకి జరగదు. వచ్చిన సమయం వెళ్లిన సమయంకన్నా ముందుంటే ఒప్పుకోదు. అంకెలుండాల్సిన చోట అక్షరాలు కొడితే ఒప్పుకోదు.”

“తరవాత మార్చాలంటే?”

“సవరణ తెర వేరే. పాత సమయం, కొత్త సమయం, కారణం. కారణం కనీసం పది అక్షరాలుండాలి. ఎవరు, ఎన్నింటికి మార్చారో అడుగున పడుతుంది. అజాగ్రత్తకి నేను సందు ఇవ్వలేదండీ. ముప్పై ఆరు శీతల గిడ్డంగుల్లో నడుస్తున్నది నా ఫారమే.”

“ఉష్ణోగ్రతలు కూడా మీ ఫారమేనా?”

“అదీ నాదే. లోపలున్న సెన్సర్ అయిదు నిమిషాలకోసారి అంకె పంపిస్తుంది.”

“ఒకవేళ తప్పు అంకె పంపిస్తే?”

“రానివ్వను.” గర్వంగా తల ఎగరేశాడు. “మైనస్ ఇరవై అయిదుకీ మైనస్ పదిహేనుకీ మధ్య ఉంటేనే తీసుకుంటుంది. బయట ఉంటే సెన్సర్ తప్పు చెబుతోందని లెక్క. పారేసి, దాని బదులు పోయిన నెల సగటు అంకె ఉంచుతుంది.”

“పారేశానని ఎవరికీ చెప్పదా?”

ఆయన వేళ్లు మీటల మీద ఆగాయి. ఒక్క క్షణమే. “చీటికీమాటికీ వాడేవాళ్లని కంగారుపెట్టడం ఎందుకండీ,” అన్నాడు. ఈసారి తల ఎగరెయ్యలేదు.

“నిజమే, నిజమే.” డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. “అన్నట్టు, చెప్పడం మరిచాను. అధికారికి తెలివొచ్చింది. పన్నెండింటికి మాట్లాడనిస్తామన్నారు. రెండో అంతస్తు, ఏడో నంబరు గది.”

“నాకెందుకు చెప్పలేదు?” ఇన్‌స్పెక్టర్ మండిపడ్డాడు.

“ఇప్పుడు చెప్పానుగా.”

అయిదు నిమిషాల తరవాత ప్రోగ్రామర్ ల్యాప్‌టాప్ మూశాడు. చార్జింగ్ వైరు బండిలో మరిచిపోయాడట, తెచ్చుకుని వస్తాడట. గోడ గడియారం పది యాభై ఎనిమిది చూపిస్తోంది. డిటెక్టివ్ అతను వెళ్లేదాకా ఆగి, అమ్మాయి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఇప్పుడు చెప్పమ్మా. మూడు నలభై ఏడుకి ఆయన బయటికి రావడం నువ్వు చూశావా?”

“చూశానండీ.”

“చూళ్లేదు.”

“చూశానండీ!”

“ఏ చేత్తో తలుపు తోశాడు?”

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మేనమామ ఒక అడుగు ముందుకేశాడు. “చిన్నీ, మేడమ్ మనవైపు మనిషే తల్లీ. చెప్పు.”

“చెప్తే ఉద్యోగం పోతుంది మామయ్యా!”

“చెప్పకపోతే నువ్వే పోతావ్ కదే!”

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. సంచిలోంచి ఒక కాగితం తీసి కౌంటరు మీద పెట్టాడు. “రాద్ధాంతం ఎందుకు? అంతా సిద్ధంగా ఉంది. సంతకమే తరువాయి.”

అరెస్టు పత్రం. డిటెక్టివ్ దాన్ని అలవోకగా చూసి, ఠక్కున ఆగిపోయింది. అరెస్టు సమయం అన్నచోట పన్నెండు గంటలు అని అచ్చై ఉంది.

“ఇప్పుడు పదకొండు కొట్టలేదు. పన్నెండింటికి అరెస్టు చేసినట్టు అప్పుడే ఎలా వచ్చింది?”

“మా స్టేషన్ ఫారం సమయం వెయ్యకపోతే ప్రింటు ఇవ్వదు. పొద్దున్నే ఒక అంకె వేసేసి తెచ్చుకుంటాం. అందరం చేసేదే.”

“అందరూ చేసేదే,” అని డిటెక్టివ్ నెమ్మదిగా పలికింది. తరవాత ఒక్కసారిగా నవ్వింది. అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. “విన్నావా? ఇన్‌స్పెక్టర్‌గారే చేస్తారట. ఇక నీకేం భయం? నువ్వు ఎన్ని నిమిషాలు వేస్తావు?”

అమ్మాయి తల వంచుకుంది.

“ఇరవై.”

“ఏమిటి ఇరవై?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మనిషి లోపలికి వెళ్లేటప్పుడు ఫారం తెరుస్తానండీ. బయటికి వచ్చిన సమయం లేకపోతే అది సేవ్ కాదు. మూతపడదు. ఆయన వచ్చేదాకా అలా తెరిచే ఉంచితే రెండో మనిషిని ఎలా రాయను? లారీవాళ్లు వరసలో నిలబడి అరుస్తారు. అందుకని వెళ్లినప్పుడే ఇరవై నిమిషాలు కలిపి వేసేస్తాను. నాకు పని నేర్పించిన అక్క కూడా ఇరవయ్యే వేసేది. తలుపు నా కళ్ల ముందే కదండీ, ఎవరున్నారో ఎవరు వెళ్లారో నాకు తెలుస్తుంది. మరి… అది తప్పుడు రికార్డేగా. బయటపడితే ఉద్యోగం తీసేస్తారని…”

“నిన్న ఆయనకి ఎంత వేశావు?”

“మూడు ముప్పై. మూడు పదికి వెళ్లాడుగా. ప్రోగ్రామర్‌గారు కూడా నిన్న కంప్యూటర్ చూడడానికి వచ్చి ఇక్కడే ఉన్నారు. మూడు నలభైకి అధికారి తలుపు తీసి, ‘ప్రోగ్రామర్‌గారూ, మీ తెర ఎంత చూపిస్తోంది, ఒకసారి లోపలికి రండి’ అని కేకేశాడు. మామయ్యకి కూడా వినిపించింది. ప్రోగ్రామర్‌గారు లోపలికి వెళ్లారు. నేను మూడు నలభై అయిదుకి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. పది నిమిషాల్లో వచ్చాను. ప్రోగ్రామర్‌గారు ఇక్కడే కూర్చుని ఉన్నారు. తెర మీద చూస్తే నా ముప్పై లేదు, నలభై ఏడు ఉంది. నేను వేసేది దొంగ అంకె. అది మారిందంటే, ఎవరో నిజం అంకె వేశారనుకున్నాను. ఆయన వెళ్లిపోయారనుకున్నాను. అందుకే మామయ్య అడిగితే ఖాళీయే అన్నాను.” ఆమె వెక్కింది. “నా నోటితో నేనే అన్నానండీ.”

“బాగుంది! దొంగ అంకెలు వేస్తానని ఒప్పుకుంది. నా పని సులువైంది,” అని ఇన్‌స్పెక్టర్ పత్రం చేతిలోకి తీసుకున్నాడు.

“కూర్చోండి సార్. అమ్మాయ్, పోయిన నెల రాకపోకలు తియ్యి.”

తెర నిండా వరసలు పరుచుకున్నాయి. డిటెక్టివ్ వేలితో చూపించింది. తొమ్మిది అయిదు, తొమ్మిది ఇరవై అయిదు. పదకొండు నలభై, పన్నెండు. రెండు పన్నెండు, రెండు ముప్పై రెండు.

“రెండు వందల డెబ్భై మంది వెళ్లారు. రెండు వందల డెబ్భై మందీ సరిగ్గా ఇరవై నిమిషాలున్నారు. మనుషులు అలా ఉంటారా? ఇందులో మీ కానిస్టేబుల్ కూడా ఉన్నాడు, పోయిన నెల తాళం గొడవకి వచ్చినప్పుడు. ఆయన ఎంతసేపున్నాడో ఫోన్ చేసి కనుక్కోండి.”

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చెయ్యలేదు. తెర వైపే చూస్తున్నాడు.

“ఇరవై కానిది ఒక్కటే. నిన్నటి ముప్పై ఏడు,” అంది డిటెక్టివ్. “ఇప్పుడు చెప్పండి. ఈ అమ్మాయి ఆయన్ని చంపాలనుకుంది. ఆయన వెళ్లిపోయినట్టు రికార్డు కావాలి. మూడు ముప్పైకి వెళ్లిపోయాడని అప్పటికే ఉంది! చెయ్యి కూడా కదపక్కర్లేదు. మరి సవరణ తెర తెరిచి, నలభై ఏడుగా మార్చి, తన లాగిన్ మీదికి తెచ్చుకోవడం ఎందుకు?”

“అది… ఏదో కంగారులో…”

“కంగారు ఎవరికుంటుంది? మూడు నలభైకి అధికారి తలుపు దగ్గర నిలబడి కేకేశాడని ఇద్దరు విన్నారు. రికార్డులో మూడు ముప్పైకే వెళ్లిపోయాడని ఉంటే అతకదు. అతకకపోతే ఎవరో ఒకరు అడుగుతారని భయపడేది ఎవరు? ఈ రికార్డు నిజమని నమ్మేవాడు. ఇందులో అంకెలన్నీ నిజంగా వచ్చినవే అనుకునేవాడు. ఈ గిడ్డంగిలో అలా నమ్మేవాళ్లు ఎవరూ లేరు సార్. అందరికీ ఇరవై సంగతి తెలుసు.”

ఇన్‌స్పెక్టర్ మీసం మీదికి చెయ్యి వెళ్లింది. “ఇంకొకటి చూపించండి. ఒక్కటి చూపించండి, ఒప్పుకుంటాను.”

“అమ్మాయ్, సవరణలు తియ్యి. కారణం గడి కూడా కనపడాలి.”

ఎనిమిది నెలల్లో అరవై నాలుగు సవరణలు. కారణం అన్న గడిలో పది చుక్కలు. మళ్లీ పది చుక్కలు. ఒకచోట ఒకే అక్షరం పదిసార్లు. ఒకచోట ఒకటి నుంచి సున్నా దాకా అంకెలు వరసగా.

“పది అక్షరాలుండాలి కదండీ,” అని అమ్మాయి సిగ్గుపడింది. “అంకె తప్పు కొట్టినప్పుడల్లా మార్చాలి. చుక్కలైతే వేలు తియ్యక్కర్లేదు.”

అరవై మూడింటికి అంతే. అట్టడుగున నిన్నటిది, మూడు నలభై ఎనిమిదికి చేసినది: ‘సందర్శకుడు బయటికి వచ్చిన సమయం పొరపాటుగా నమోదైనందున సరిచేయడమైనది.’

ఇన్‌స్పెక్టర్ ఆ వాక్యం కింద వేలు పెట్టి మరోసారి చదివాడు.

“ఈ ఫారాన్ని ఎలా నింపాలో అలా నింపిన మనిషి ఎనిమిది నెలల్లో ఒక్కడే. దాన్ని తయారుచేసినవాడు. వాడేవాళ్లు తన ఫారంతో ఎలా వేగుతున్నారో ఆయన ఒక్కరోజు కూడా ఈ కౌంటరు దగ్గర నిలబడి చూళ్లేదు. చూసి ఉంటే పది చుక్కలు పెట్టి పోయేవాడు, మనం ఈ అమ్మాయిని పట్టుకుపోయేవాళ్లం,” అంది డిటెక్టివ్.

ఆమె జేబులోంచి చేతి థర్మామీటరు తీసి గోడ తెర పక్కన పట్టుకుంది. “ఎందుకు చేశాడంటారా? లోపల మైనస్ ఏడు. తెర మీద మైనస్ ఇరవై. గది వేడెక్కుతోంది. మైనస్ పదిహేను దాటిన ప్రతి అంకెనీ ఆయన ఫారం తప్పని పారేసి, పాత సగటు చూపిస్తూ కూర్చుంది. అధికారి పట్టుకున్నాడు. పాపం, మర్యాద మనిషి, పైకి రాసేముందు చేసినవాడితోనే చెబుదామని లోపలికి పిలిచాడు. అధికారి అటు చివర అరల దగ్గర లెక్క చూసుకుంటుంటే, ఈయన గుండీ విప్పి, తలుపు జారవిడిచి, వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద ఈ అమ్మాయి లాగిన్ తెరిచే ఉంది.”

“అంటే,” అన్నాడు మేనమామ, “శీతల యంత్రం పాడవడం వల్లే ఆయన బతికాడన్నమాట!”

“తెర చెప్పిందే నిజమై ఉంటే, మీరు గడియ తీసేసరికి శవం ఉండేది.”

మేనమామ చటుక్కున నేల మీద కూర్చుండిపోయాడు. రెండు చేతుల్తో మొహం కప్పుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. “నేను కాదు మామయ్యా,” అంది. “నా వల్ల జరగలేదు.” నిన్నటినుంచి తనకి తానే చెప్పుకోలేకపోయిన మాట అది.

ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గరి ఖాళీ కుర్చీ చూశాడు.

“చార్జింగ్ వైరు!”

“అరగంట దాటింది.”

“తెలిసే పంపించారా? ఏడో నంబరు గది అని మీరే చెప్పారు కదండీ! అక్కడ ఎవరున్నారు?”

“మీ కానిస్టేబుల్ ఉండాలి. నేరస్థురాలు దొరికిందని మీరు నిన్ననే వెనక్కి పిలిపించారు.”

ఆయన ఆస్పత్రికి ఫోన్ కలిపి స్పీకరు నొక్కాడు. “ఏడో నంబరు గదికి ఎవరైనా వచ్చారా?”

“వచ్చారు సార్. బంధువట. పదకొండు ఇరవై నాలుగుకి వెళ్లారు, పదకొండు ముప్పై నాలుగుకి బయటికి వచ్చేశారు,” అంది అవతలి అమ్మాయి.

ఇన్‌స్పెక్టర్ గోడ గడియారం చూశాడు. పదకొండు ముప్పై ఒకటి.

“ఇంకా ముప్పై నాలుగు కాలేదమ్మా!”

“అదీ… బయటికి వచ్చిన సమయం వెయ్యకపోతే మా ఫారం ముందుకి కదలదు సార్. అందరికీ పది నిమిషాలు వేసేస్తాం.”

ఆయన ఫోన్ జారవిడిచి తలుపు వైపు పరిగెత్తబోయాడు. డిటెక్టివ్ కాలర్ పట్టుకుని ఆపింది. “ఆగండి సార్. నిన్నటినుంచి ఆస్పత్రికి ఎవరో మూడుసార్లు ఫోన్ చేసి, తెలివొచ్చిందా అని అడిగి పేరు చెప్పకుండా పెట్టేశారు. తెల్లవారేలోపే అధికారిని పై అంతస్తుకి మార్పించాను. ఆయనకి ఇంకా తెలివి రాలేదు, వచ్చిందని నేనే అల్లాను. ఏడో గది మంచం మీద వేరే మనిషి ఉన్నాడు.”

“ఎవరు?”

ఆమె ఫోన్ మోగింది.

“వదినా!” మరిది ఆయాసపడుతున్నాడు. “వచ్చాడు. సెలైన్ గొట్టం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. వదిలెయ్యనా, ఉంచనా?”

వెనకనుంచి ఎవరో కీచుగా ‘నొప్పి, నొప్పి’ అంటున్నారు.

“పోలీసులు వచ్చేదాకా ఉంచు. మరీ గట్టిగా వద్దు, ఆయన వేళ్లతో ఇంకా సంతకాలు పెట్టాలి.”

“ఇక అన్నం తినొచ్చా?”

“తిను నాయనా. ఒక చేత్తో తిను.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూలబడి, నిన్నటినుంచి బిగబట్టినంత గాలి ఒక్కసారిగా వదిలాడు. నవ్వాడు కూడా. “లిఫ్టు కేసుకన్నా ఇదే బాగుంది మేడమ్,” అని, అరెస్టు పత్రాన్ని నాలుగు ముక్కలు చెయ్యబోయాడు.

“చింపకండి!”

ఆమె గొంతులో అంతవరకూ ఉన్న తేలిక మాయమైంది. గోడ తెర వంక చూస్తోంది. తెర ఇంకా హాయిగా మైనస్ ఇరవై పాయింట్ ఒకటే చూపిస్తోంది.

“ముప్పై ఆరు గిడ్డంగులు,” అంది. “ముప్పై ఆరింట్లోనూ తన ఫారమే అన్నాడు. ఇవన్నీ పసిపిల్లలకి వేసే టీకాలు. మన లారీ రేపు కదా బయలుదేరేది?”

“రేపు పొద్దున అండీ. ఒక్క పెట్టె కూడా కదల్లేదు,” అన్నాడు మేనమామ లేచి నిలబడుతూ.

“మనవి కదల్లేదు. మిగతావాళ్లవి?”

ఇన్‌స్పెక్టర్ అరెస్టు పత్రాన్ని వెనక్కి తిప్పి, పెన్ను తీశాడు. అమ్మాయి కళ్లు తుడుచుకుని కౌంటరు వెనక తన కుర్చీలో కూర్చుంది. గిడ్డంగుల నంబర్లు ఆమెకి నోటికొచ్చు. ఆమె చెబుతుంటే ఆయన రాసుకున్నాడు. మొదటి నంబరు ఆమే కలిపింది.

“మీ తెర ఎంత చూపిస్తోందండీ?”

“మైనస్ ఇరవై.”

రెండోది. మైనస్ ఇరవై. మూడోది మైనస్ పంతొమ్మిది పాయింట్ ఎనిమిది, పొద్దుట్నుంచీ కదలలేదట. ఆరో నంబరు దాకా అందరూ అదే ధీమా.

“తెర సంగతి వద్దు అన్నయ్యా,” అంది ఆమె ఆరో గిడ్డంగి మనిషితో. “తలుపు తీసి లోపలికెళ్లి, చేత్తో పెట్టె ముట్టుకుని వచ్చి చెప్పండి. నేను లైన్లోనే ఉంటాను. ఒంటరిగా మాత్రం వెళ్లకండి.”

అడుగుల చప్పుడు దూరమైంది. తలుపు తెరిచిన శబ్దం. చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఆ మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి ఫోన్ అందుకున్నాడు.

“అమ్మాయ్, పెట్టెలు తడిగా ఉన్నాయి. లోపల నీళ్లు కారుతున్నాయి. లారీ ఇప్పుడే గేటు దాటింది!”